చెప్పుల లోపలి మట్టి

గోడ గడియారంలో పదకొండూ పది. నాలుగింటికి మునిరామయ్యను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. నిలబెట్టాక ఆయన పోయేది జైలుకే. అంటే వకుళ చేతిలో అయిదు గంటలు కూడా లేవు.

సి.ఐ. భానుచందర్ కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "తిరుపతి నుంచి బస్సులో వచ్చినారా మేడమ్? ఒక మాట చెప్పింటే జీపు పంపేవాణ్ని గదా."

"మీ జీపు నిన్నటి నుంచి తప్పుడు మనిషిని మోస్తా తిరుగుతాందంట సార్. అలిసిపోయుంటాదని బస్సెక్కినాను."

ఇద్దరిదీ పాత పరిచయమే, పాత పగ కూడా. వకుళ పద్దెనిమిదేళ్లు పోలీసు ఫోరెన్సిక్ ల్యాబులో పనిచేసింది. ఆరేళ్ల కిందట భానుచందర్ పట్టిన ఒక ముద్దాయి చొక్కా మీదున్నది నెత్తురు కాదు, తాంబూలం ఉమ్మి అని నిండు కోర్టులో చెప్పేసింది. కోర్టు హాలు గొల్లున నవ్వింది. ఆ నవ్వును భానుచందర్ ఇప్పటికీ మరిచిపోలేదు. ఆమె ఉద్యోగం వదిలేసి అలిపిరి దగ్గర ఒక గదికి డిటెక్టివ్ బోర్డు తగిలించుకున్నాక, పోలీసుల్లో ఆమెకు 'ఉడుము' అని పేరు పెట్టింది ఆయనే. పేరు బాగుందని ఆమె సంబరపడిందని తెలిసి మరీ మండిపడ్డాడు.

బయట వరండా అరుగు మీద భారతమ్మ కూర్చుని ఉంది. మునిరామయ్య భార్య. నిన్న సాయంత్రం అయిదింటికి మొగుణ్ని జీపెక్కించినప్పటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదట. వకుళకు ఫోన్ చేసి పిలిపించింది ఆమే. అంత దూరం పిలిపించి కూడా, "మా ఇంటాయన అట్లా సేసే మనిషి గాదమ్మా" అన్న ఒక్క ముక్క తప్ప ఇంకేమీ చెప్పడం లేదు. అడిగితే కొంగు నోట్లో కుక్కుకుంటోంది. ఏదో దాస్తోందని వకుళకు వచ్చిన అయిదు నిమిషాలకే అర్థమైంది.

"కేసు చెప్పండి సార్," అంది వకుళ.

"చెప్పేదేముంది? లోకేశ్వరి, ముప్పై నాలుగేళ్లు. తిరుపతిలో మట్టి పరిశోధన కేంద్రంలో సైంటిస్టు. నిన్న పొద్దున ఆరున్నరకు మాకులకండ్రిగ లేఅవుట్లో కాలవ పక్కన పడుంటే వాచ్‌మన్ చూసినాడు. తల వెనక దెబ్బ. తిరుపతి ఆస్పత్రిలో ఉండాది, ఇంకా తెలివి రాలేదు. ఇవాళో రేపో కండ్లు తెరవొచ్చంటున్నారు డాక్టర్లు."

"కండ్లు తెరిస్తే ఎవరు కొట్టిందీ ఆమే చెప్తాది. ఒక్క రోజు ఆగకూడదా?"

"ఎందుకు ఆగాల? ఆ పాప తల కింద మునిరామయ్య తువ్వాలు. మునిరామయ్య చొక్కాకు నెత్తురు. మూడు దినాల ముందు మొగుడూ పెండ్లామూ ఆ పాపతో గట్టు మీద నిలబడి గొడవ పడింది ఊరంతా చూసింది. అన్నిటికీ మించి, 'నేనే కొట్టినా' అని ఆయప్పే ఒప్పుకున్నాడు. ఇంకేం కావాల మీకు?"

"ఆమె చెప్పులు."

భానుచందర్ ముఖం చిట్లించాడు. అయినా బీరువా తెరిచి ప్లాస్టిక్ సంచిలో ఉన్న చెప్పులు బల్ల మీద పెట్టాడు. పక్కనే ఇంకో సంచి: లేఅవుట్లో కాలవ పక్కన తీసిన మట్టి.

వకుళ ముక్కు మీదికి కళ్లద్దాలు జార్చుకుని, చెప్పులను ముట్టుకోకుండా సంచిలోనే తిప్పి చూసింది. అడుగున తారు రోడ్డు మురికి తప్ప ఏమీ లేదు. లోపల, పాదం ఆనే చోట మాత్రం ఎర్రమట్టి పొక్కులు కట్టి ఉంది. బొటనవేలి రింగు లోపలికి మడిచిపోయి ఉంది. వేలు అందులో దూరలేదు.

"సార్, మీరు పొద్దున లేచి చెప్పులేసుకుంటే మట్టి యాడ అంటుతాది?"

"అడుగున."

"ఈమెకు లోపల అంటింది. అంటే వట్టికాళ్లతో తడిమట్టిలో నడిచింది. ఆ కాళ్లకు తర్వాత ఎవరో చెప్పులు తొడిగినారు. వేలు రింగులో పెట్టడం గూడా చాతకాలేదు వాళ్లకు."

"లేఅవుట్లో కూడా ఎర్రమట్టే మేడమ్. మొన్న సాయంత్రం తుంపర పడింది, తడి ఉండాది. పరిశోధన కేంద్రం నుంచి పరాశర్ గారు వచ్చినారు, ఆ పాప పైఅధికారి. పంచనామాకు సాక్షిగా నిలబడి, ఇది లేఅవుట్ మట్టే అని చెప్పి సంతకం కూడా పెట్టినారు. ఆయన మట్టి చదువు చదివినోడు."

"రెండు సాసర్లు తెప్పిస్తారా? కాసిన్ని మంచినీళ్లు."

సాసర్లు వచ్చాయి. భానుచందర్ ఎదుటే, ఆయన అనుమతితో, చెప్పు లోపలి మట్టి చిటికెడు ఒకదాంట్లో వేసింది. లేఅవుట్ మట్టి చిటికెడు రెండోదాంట్లో. రెండూ ఎర్రగానే ఉన్నాయి. రెండిటి మీదా నాలుగేసి చుక్కలు నీళ్లు చల్లి, సాసర్లు ఆయన ముందుకు జరిపింది.

"వాసన చూడండి."

"ఏంది మేడమ్ ఈ ఆటలు?"

"మీది బంగారుపాళ్యం. మామిడి తోటలో పుట్టి పెరిగినోళ్లు. మీ ముక్కు మీద నాకు నమ్మకం ఉండాది, చూడండి."

భానుచందర్ మొదటి సాసరు ఎత్తాడు. తొలకరి చినుకు పడ్డప్పుడు నేల నుంచి లేచే వాసన గుప్పున కొట్టింది. ఆయన ఒకసారి కాదు, రెండుసార్లు పీల్చాడు. తర్వాత రెండోది ఎత్తాడు. దించాడు. మళ్లీ ఎత్తాడు.

"దీనికి ఏమీ రాలేదే. సిమెంటు వాసనలాగా..."

"వాన వాసన అంటాం గానీ అది వానది కాదు, మట్టిది కూడా కాదు. మట్టిలో కంటికి కనపడని జీవాలుంటాయి, వాటిది. లేఅవుట్ వేసేటప్పుడు పైనుండే అడుగు లోతు మట్టి గీకి అమ్ముకుంటారు. కింది నేలను రోలరుతో తొక్కిస్తారు. క్రషర్ డస్టు పోస్తారు, సిమెంటు నీళ్లు పారిస్తారు. చెట్టూ చేమా లేకుండా ఎండకు వదిలేస్తారు. మన ఎండలకు ఇంక అందులో ఏం బతుకుతాది? ఇట్లాంటి మెట్ట నేలలో ఒకసారి చచ్చినాయంటే మళ్లీ పుట్టుకొచ్చేది అంత సులువు కాదు. అది మట్టి కాదు సార్, మట్టి పీనుగ. చెప్పులో ఉండేది బతికిన మట్టి."

సూది మొనతో ఆ మట్టిలోంచి వెంట్రుకంత వేరు ఒకటి బయటికి లాగింది. వేరుకు ఆవగింజలంత బుడిపెలు రెండున్నాయి.

"చెనిక్కాయ వేరు," అన్నాడు భానుచందర్, వేరుశనగను గుర్తుపట్టి కూడా అనకుండా ఉండలేక.

"లేఅవుట్లో చెనిక్కాయలు పండిస్తాండారా సార్?"

భానుచందర్ సాసరు పక్కకు నెట్టాడు. టోపీ తీసుకుని లేచాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషైనా, నాలుగోది కంటికి చూపిస్తే లెక్కపెట్టే నిజాయితీ ఆయనలో ఉందని వకుళకు తెలుసు.

పన్నెండూ పదికి జీపు లేఅవుట్లో ఆగింది. లేఅవుట్ గురించి చెప్పేదేముంది, అన్ని లేఅవుట్లూ ఒకటే: ఆర్చీ, రంగు రాళ్లు, జెండాలు. వకుళ వాటి వంక చూడలేదు. కాలవ దాకా పది అడుగులు వేసి, తన చెప్పులు విప్పి తిప్పి చూపించింది. అడుగంతా తెల్లటి క్రషర్ డస్టు పేస్టులా అంటుకుని ఉంది. భానుచందర్ బూట్లకూ అంతే.

"ఆమె చెప్పులకు ఇదొక్క చుక్క లేదు. ఈడికి నడిచి రాలేదు, ఎత్తుకొచ్చి పండబెట్టినారు. తల కింద తువ్వాలు మడిచి పెట్టినారు. వాచ్‌మన్ గుడిసె ఎంత దూరం?"

"ఇరవై అడుగులు."

"దాచాలనుకునేవాడు వాచ్‌మన్ ముందర తెచ్చి పెడతాడా?"

లేఅవుట్ కంచె దాటి నూట నలభై అడుగులు వేస్తే మునిరామయ్య వేరుశనగ చేను. గట్టు మీద వకుళ చెప్పులు విడిచింది. భానుచందర్ ఒక క్షణం ఆగి బూట్లు విప్పాడు. వాళ్ల నాయన బతికున్నప్పుడు తోటలోకి చెప్పులతో దిగితే వీపు పగిలేదట. ఆ మాట తనే చెప్పి, ఎందుకు చెప్పానా అన్నట్టు ముఖం తిప్పుకున్నాడు.

చేనులో అంకెలు వేసిన వెదురు పుల్లలు ఆరు నాటి ఉన్నాయి. ప్రతి పుల్ల దగ్గరా జానెడు గుంట, చేతి పారతో చక్కగా తవ్వినది. చేను చివర ముళ్ల తీగ కంచె. తీగ అవతల లేఅవుట్ వాళ్లు రెండో విడతకని కొన్న నలభై ఎకరాలు, ఇంకా తవ్వనివి. అక్కడా ఆరు పుల్లలున్నాయి, ఏడు నుంచి పన్నెండు దాకా. కానీ ఆ గుంటలు తవ్వినట్టు లేవు, బూటు మడమతో తన్ని చిందరవందర చేసినట్టున్నాయి.

"ఆ పాప ఏం తవ్వుతాండిందో మీకు తెలుసా సార్?"

"గుడ్డపీలికలు. నెలన్నర ముందు పాతిపెట్టి, ఇప్పుడు తీసేదంట. ఒక్కొక్కటి తీసినప్పుడల్లా ఫోన్లో ఫోటో తీసింది. ఆరు ఫోటోలు. కడాది అయిదూ నలభై ఒకటికి. దెబ్బ పడింది దాని తర్వాతే."

"ఆ పాప సంచిలో గుడ్డలెన్ని దొరికినాయి?"

"అయిదు."

"ఫోటోలు ఆరు, గుడ్డలు అయిదు." వకుళ వేళ్లు ముడిచి తీగ వైపు నడిచింది. ఆరో పుల్లకు రెండు అడుగుల ఇవతల వేరుశనగ ఆకులను చేత్తో పక్కకు తప్పించింది. ఆకుల అడుగున గోధుమ రంగు మరకలు. కింద మట్టి గడ్డకట్టి, చీమలు బారులు తీరి ఉన్నాయి.

"దెబ్బ పడింది ఈడ."

భానుచందర్ వంగి చూశాడు. చాలాసేపు చూసి, నడుము మీద చేతులు పెట్టుకుని లేచాడు. ముఖంలో ఆరేళ్ల నాటి బాకీ తీరిన సంతోషం.

"చాలా థాంక్స్ మేడమ్. ఇది మునిరామయ్య చేను. మునిరామయ్యే కొట్టినాడు, మునిరామయ్యే ఎత్తుకుపోయి లేఅవుట్లో పడేసినాడు, సాక్ష్యం మార్చేదానికి మునిరామయ్యే చెప్పులు తొడిగినాడు. నాకు తెలీని మూడు ముక్కలు మీరే దొరకబుచ్చి ఇచ్చినారు. ఉరితాడు మీ చేత్తోనే పేనినారు."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. పొద్దున్నుంచి తాను పడ్డ కష్టమంతా ఆ ముసలాయన మెడకే చుట్టుకుంది. వరండాలో కూర్చున్న భారతమ్మ కళ్లముందు కనిపించి ఆమెకు తనమీద తనకే కోపమొచ్చింది. కోపమొస్తే వకుళ మాట్లాడదు, నడుస్తుంది. ఊరివైపు కాలిబాట పట్టి నడిచింది.

"యాడికి?"

"మెట్ట రైతు తెల్లారి అయిదున్నరకు యాడుంటాడు సార్? పాలు పిండుకొని పాలకేంద్రం కాడ ఉంటాడు. ఆడికి."

పాలకేంద్రం చేనుకు కిలోమీటరున్నర. కేంద్రం నడిపే చెంగమ్మ తాళం తీసి, మిషన్లో అంకెలు నొక్కి నిన్నటి జాబితా తీసింది. అరవై మూడో నంబరు, మునిరామయ్య: నాలుగు లీటర్ల ఆరు వందల మిల్లీలీటర్లు, అయిదూ నలభై ఎనిమిది.

"ఎవరు పోసినారమ్మా?"

"ఆయప్పే. ఎప్పుడూ భారతక్క వస్తాది. నిన్న ఆయప్ప వచ్చినాడు. అయిదున్నర నుంచి ఈడ్నే లైన్లో నిలబడినాడు. అక్క యాడని అడిగితే మాట్లాడలా. స్లిప్పు తీసుకొని గబగబా చేను దిక్కు పొయినాడు."

వకుళ భానుచందర్ వైపు తిరిగింది. "అయిదున్నర నుంచి అయిదూ నలభై ఎనిమిది దాకా ఈడ. నడిచి చేను చేరేసరికి ఆరు దాటుతాది, ఎంత ఉరికినా ఆరు. ఆమె ఏడో గుడ్డ ఫోటో తియ్యలేదు. అంటే అయిదూ నలభై ఒకటికీ ఏడో గుంట దగ్గరికి పొయ్యేదానికీ మధ్యనే దెబ్బ పడింది. గుంటకు గుంటకు ఎంత తేడా ఉండాది ఫోటోల్లో?"

భానుచందర్ తన ఫోన్లోకి ఎక్కించుకున్న ఆ ఫోటోలు చూశాడు. "రెండు మూడు నిమిషాలు."

"మరి ఆయప్ప అప్పుడు యాడున్నాడు?"

"లైన్లో." ఆ ఒక్క మాట అనడానికి ఆయనకు చాలా కష్టమైంది. "అయితే ఒప్పుకున్నాడెందుకు?"

"అదే పోయి అడుగుదాం రండి."

రెండూ అయిదుకు స్టేషన్లో మునిరామయ్యను కుర్చీలో కూర్చోబెట్టారు. అరవై దాటిన మనిషి, చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని నేల చూస్తున్నాడు. తలుపు బయటే భారతమ్మ నిలబడింది. వకుళ కావాలనే తలుపు ఓరగా వదిలేసింది.

"పెద్దాయనా, నిన్న పొద్దున నీ జేబులో పాల స్లిప్పు ఒకటుండాల. ఏమైంది?"

మునిరామయ్య ఉలిక్కిపడ్డాడు. "స్లిప్పా? లేదే."

"చెంగమ్మ మిషన్లో ఉండాది గదా. నువ్వు పారేసినంత మాత్రాన పోతాదా?"

"పారెయ్యలా." పెదాలు తుడుచుకున్నాడు. "నమిలి మింగేసినా."

భానుచందర్ నోరు తెరిచాడు. సర్వీసులో దొంగలు నగలు మింగడం చూశాడు, తాను నిర్దోషినని చెప్పే కాగితాన్ని మింగినవాణ్ని చూడలేదు.

"నిన్ను కాపాడే కాయితాన్ని ఎందుకు మింగినావు?" వకుళ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "నేను చెప్పేదా? నువ్వు పాలకేంద్రం కాడ ఉన్నావని తేలితే, చేన్లో ఉండింది ఎవరని అడుగుతారు. అదే గదా నీ భయం?"

ముసలాయన తల ఎత్తలేదు. కన్నీళ్లు మోకాళ్ల మీద పడుతున్నాయి.

"మూడు దినాల నుంచి తెల్లారకముందే నా పెండ్లాం ఇంట్లో ఉండల్యా. చేన్లోకి పోతాండాదని తెలుసు. ఆ పాప మీద కోపంతో ఉండాదని తెలుసు. నిన్న పాలు పోసేసి పోయి చూస్తే, ఆ బిడ్డ చాళ్లలో పడుండాది. ఊపిరుండాది. ఈమె కనపళ్లా. నా కాళ్లూ చేతులూ ఆళ్లేదు. మా చేన్లో ఉంటే ఈమె మీదికి వస్తాదని, భుజానేసుకొని వాచ్‌మన్ కంటికి కనపడే తావులో పండబెట్టి వచ్చినా. ఆ బిడ్డ సంచీ, గట్టు మీదుండే చెప్పులూ తెచ్చి, చెప్పులు కాళ్లకు తొడిగినా. ఆడబిడ్డను వట్టికాళ్లతో పారేసినట్టు ఉంటాదని మనసొప్పలా."

తలుపు ధడాలున తెరుచుకుంది. భారతమ్మ లోపలికొచ్చి మొగుడి ముందు నిలబడింది.

"నేను కొట్టినాననుకున్నావా? నలభై ఏండ్లు నాతో కాపురం జేసి, నేను ఒక ఆడబిడ్డ తల పగలగొడతాననుకున్నావా?"

"నువ్వు మటుకు? నిన్నట్నుంచి నోరు ఇప్పకుండా ఏంటికి కూర్చున్నావు?"

భారతమ్మ గోడకు చేరబడింది. అక్కడే నేల మీద కూలబడి, రెండు రోజుల ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది. ఆరున్నరకు నెత్తురు చొక్కాతో ఇంటికొచ్చిన మొగుణ్ని చూసి ఆమె అనుకున్నదీ అదే. ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుందామని, ఒకరి మెడకు ఒకరు తాడు బిగించుకుంటూ కూర్చున్నారు. భానుచందర్ కిటికీ వైపు తిరిగాడు.

వకుళ ఆమెకు నీళ్లిచ్చింది. తాగేదాకా ఆగింది. "ఇప్పుడు చెప్పమ్మా. చేన్లో ఏం జరిగింది?"

"మూడు దినాల ముందు ఆ పాప మా ఉత్తరం పక్క చాళ్లలో మట్టి పిడికెడు తీసి, 'లేఅవుట్ నుంచి సిమెంటు నీళ్లు దిగతా ఉండాయి, ఈడ మట్టి సచ్చిపోతా ఉండాది' అనింది. నా భూమిని సచ్చిందంటావా అని మీద పడి తిట్టినా. తిట్టినా గానీ, నిద్రపట్టలా. అందుకే తెల్లారకముందే పోయి, పసుపు నీళ్లు చల్లి, కర్పూరం ఎలిగిచ్చి వస్తాండినా. నిన్న నేను ఆడ ఉన్నప్పుడే ఆ పాప వచ్చింది. చెప్పులు గట్టు మీద ఇడిసి, నా పక్కన వచ్చి దండం పెట్టుకునింది. నాకు సిగ్గేసింది."

భారతమ్మ నడుము దగ్గర కొంగు ముడి విప్పింది. అందులోంచి చేతి రుమాలంత గుడ్డ తీసి బల్ల మీద పరిచింది. పాత పంచె ముక్క. జల్లెడలా బొక్కలు పడి, పట్టుకుంటే పొడి రాలేలా ఉంది.

"కడాకు ఈ గుడ్డ తీసి నా చేతిలో పెట్టింది. 'చూడమ్మా, దీన్ని తినింది నీ మట్టిలో ఉండే జీవాలే. సచ్చిన మట్టయితే గుడ్డ గుడ్డ మాదిరే ఉంటాది. నీ చాళ్లు బతికే ఉండాయి, నువ్వు ఏడవద్దు' అనింది. ఇంక తీగ ఆవల ఉండేవి తీస్తానని లేచింది."

ఆరో గుడ్డ. వకుళ దాన్ని ముట్టుకోలేదు. "తీగ ఆవల ఉండే నలభై ఎకరాల సంగతి ఏంది సార్?"

"బీడు నేల, మట్టిలో జీవం లేదు, పంటకు పనికిరాదని రిపోర్టుంది," అన్నాడు భానుచందర్. "దాన్నే చూపించి రెండో విడతకు అనుమతి అడుగుతాండారు. సోమవారం విచారణ."

"అవతల పాతిన ఆరు గుడ్డలు కూడా ఇట్లే చీకి ఉంటే, ఆ రిపోర్టు అబద్ధమని తేలిపోతాది. అందుకే ఆ ఆరు గుంటలు తన్ని గుడ్డలు ఎత్తుకుపోయినారు. ఇవతలివి ముట్టుకోలేదు. ఆ రిపోర్టు మీద సంతకం ఎవరిది?"

భానుచందర్ నోరు విప్పేలోపలే భారతమ్మ అందుకుంది.

"నేను చేన్లోంచి వచ్చేటప్పుడు ఒకాయప్ప కారు దిగి వచ్చినాడమ్మా. బూట్లతోనే చేన్లోకి దిగినాడు. ఇప్పమని చెప్పబోతే, ఆ పాప నవ్వి, 'మా సారమ్మా, ఆయనకు తెలీదులే' అనింది. అంత పెద్ద ఉద్యోగం చేసే ఆయప్ప కొడతాడని నేనెట్ల అనుకుంటా? మా ఇంటాయన చొక్కా చూసి ఇంక నోరు మూసుకున్నా."

"ఆయప్పను మళ్లీ చూస్తే గుర్తుపడతావా?"

"మళ్లీ చూసినా గదా. నిన్న పొద్దున లేఅవుట్లో, ఈ సి.ఐ. సార్ పక్కన్నే నిలబడి కాయితం మీద సంతకం పెడతాండినాడు."

భానుచందర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

వకుళ గొంతు పెంచలేదు. "పంచనామా కాగితం తియ్యండి. పరాశర్‌కు మీరు ఎన్నింటికి ఫోన్ చేసినారు?"

"ఏడూ నలభైకి. ఆమె ఐడీ కార్డు మీద నంబరుంటే చేసినా. అలిపిరి కాడ వాకింగులో ఉన్నానన్నాడు."

"పంచనామా మొదలైంది?"

"ఎనిమిదీ పదికి."

"అలిపిరి నుంచి ఈడికి గంట పైనే. నేను పొద్దున వచ్చిన దారే గదా. అరగంటలో ఎట్లా వచ్చినాడు సార్? ఆయన అలిపిరిలో లేడు, ఈ చుట్టుపక్కలే ఉన్నాడు. ఆ పాప బతికిందో లేదో తెలుసుకోకుండా పోలేకపోయినాడు. ఇంకోటి. ఆ అయిదు గుడ్డలూ లేఅవుట్లో పాతినవే అని చెప్పింది కూడా ఆయనేనా?"

"ఆయనే. ఆ బీడు నేల రిపోర్టు మీద సంతకం కూడా ఆయనదే."

"చచ్చిన మట్టిలో గుడ్డ చీకదు. అది ఆయన కంటే బాగా ఎవరికి తెలుసు?"

మునిరామయ్య ఒకసారి వకుళను, ఒకసారి పెళ్లాన్ని చూశాడు. భారతమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. పోలీస్ స్టేషన్లో సి.ఐ. ఎదుట అట్లా పట్టుకోవడం తప్పో ఒప్పో కూడా ఆమెకు తట్టలేదు.

"నాలుగింటి కోర్టు నేను చూసుకుంటా," అన్నాడు భానుచందర్. "ఆ పాప నోరు తెరిచి ఒక్క పేరు చెప్తే చాలు, ఈ పెద్దాయన్ను ఎవరూ ముట్టుకోలేరు."

"ఆస్పత్రిలో కాపలా ఎవరున్నారు?"

"కానిస్టేబులు ధనంజయ." అంటూనే ఫోన్ తీశాడు. ఏదో గుర్తొచ్చినట్టు ఆయన వేలు నంబరు మీద ఒక క్షణం ఆగిపోయింది. "ఇవాళ పొద్దున తొమ్మిదింటికి పరాశర్ నా దగ్గరికి వచ్చినాడు మేడమ్. ఆ పాపను మంచి వైద్యానికి చెన్నై తీసుకుపోతామని, పోలీసులకు అభ్యంతరం లేదని ఒక కాయితం అడిగినాడు."

"ఇచ్చినారా?"

ఆయన నంబరు నొక్కి ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. రెండు రింగులకే ధనంజయ ఎత్తాడు.

"సార్, ఇప్పుడే మీకు చేద్దామనుకుంటాండినా. పరాశర్ సార్ అంబులెన్సు తెచ్చినాడు, ఆయమ్మను చెన్నైకి తీసుకుపోయినాడు. ఇరవై నిమిషాలైంది."

"ఆమెకు తెలివొచ్చిందా?"

"వచ్చింది సార్. స్ట్రెచర్ మీద పడుకోబెడతానే కండ్లు తెరిచింది. ఆ సార్‌ను చూసి ఒకటే గింజుకునింది. నా చెయ్యి గట్టిగా పట్టుకొని ఇడిసిపెట్టల్యా." ధనంజయ గొంతులో మంచి పని చేసిన తృప్తి ఉంది. "దెబ్బకు భయపడిందిలే, తెలిసిన మనిషి పక్కనుంటే సర్దుకుంటాదని, ఆ వేళ్లు నేనే ఇడిపించి అంబులెన్సు ఎక్కించినా సార్."